గుంటూరు చెబుతుంది, తెనాలి చెప్పదు: హెల్వెటికా, ఏరియల్ తేడా పట్టుకోవడం

మీరు అడిగింది ఇది. తెనాలిలో కొత్తగా డీటీపీ (కంప్యూటర్ కంపోజింగ్) షాపు పెట్టారు. ఒక పాత వ్యాపార సంస్థ వాళ్లు దాదాపు ముప్పై ఏళ్ల నాటి లెటర్‌హెడ్ ఒకే ఒక్క కాగితం తెచ్చి, అచ్చం ఇలాగే మళ్లీ వేసి పెట్టమన్నారు. అందులోని ఇంగ్లిష్ అక్షరాలు హెల్వెటికా ఫాంటో ఏరియల్ ఫాంటో మీకు తేలడం లేదు. ఫోన్‌లో ఫాంట్ పేరు చెప్పే యాప్ ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకోటి చెబుతోంది. టైప్ చేసి కాగితం మీద పెట్టి చూస్తే రెండూ సరిగ్గా సరిపోతున్నాయి. పార్టీ రేపో మాపో వస్తారని టెన్షన్ పడుతున్నారు.

టెన్షన్ అక్కర్లేదు. ఇది పది నిమిషాల్లో తేలే విషయమే. ముందు ఒక మాట: "రెండూ సరిపోతున్నాయి" అన్నారు చూశారా, అది మీ కొలతలో వచ్చిన తప్పు కాదు. అవి అలా సరిపోవాలనే తయారయ్యాయి. అందుకే కాగితం మీద కాగితం పెట్టి చూసే పద్ధతి ఈ జంట విషయంలో ఎప్పటికీ పనికిరాదు. నాకీ సంగతి డబ్బు పోగొట్టుకున్నాక తెలిసింది.

2003 ప్రాంతంలో గుంటూరులో పని చేస్తున్నప్పుడు ఒక వ్యాపారి బిల్ బుక్కులు రీప్రింట్‌కి వచ్చాయి. పాత మాస్టర్ పోయింది. నేను మేటర్ అంతా ఏరియల్‌లో కొట్టి, ట్రేసింగ్ తీసి, పాత బిల్లు మీద పెట్టి లైట్ టేబుల్ మీద, అంటే కింది నుంచి దీపం వెలిగే గాజు బల్ల మీద చూశాను. ప్రతి పదం మొదలూ చివరా వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది. ఇంకేం చూడాలి అనుకున్నాను. పుస్తకాలు బైండింగ్ అయి వెళ్లాక వాళ్ల గుమాస్తా గారు, ఇంగ్లిష్ పెద్దగా చదువుకోని మనిషి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి "బాబూ, ఈ ఆర్ కాలు మనది కాదు" అన్నారు. ఆయన ముప్పై ఏళ్లుగా రోజూ అదే బిల్లు రాస్తున్నారు. ఆయన చెప్పింది నిజమే. మొత్తం నా ఖర్చుతో మళ్లీ వేసి ఇచ్చాను. ఆ రోజు నుంచి అక్షరాలు చూడటం నేర్చుకున్నాను.

వెడల్పు ఎందుకు సరిపోతుందో తెలిస్తే మిగతాదంతా తేలిక. హెల్వెటికా 1957లో స్విట్జర్లాండ్‌లో పుట్టింది. హాస్ అనే టైప్ ఫౌండ్రీలో (అచ్చు అక్షరాలు పోతపోసే చోట) ఎడువార్డ్ హాఫ్‌మన్ దగ్గరుండి చేయిస్తే మాక్స్ మీడింగర్ గీశారు. మొదట దాని పేరు నోయె హాస్ గ్రోటెస్క్. 1960లో హెల్వెటికా అని మార్చారు. స్విట్జర్లాండ్‌కి లాటిన్‌లో ఉన్న హెల్వెటియా అనే పేరు నుంచి వచ్చిందది. అప్పుడది సీసం అక్షరం. 1985లో ఆపిల్ లేజర్ ప్రింటర్ వచ్చినప్పుడు ప్రింటర్ లోపలే పెట్టిన నాలుగు ఫాంట్ కుటుంబాల్లో హెల్వెటికా ఒకటి. అక్కడి నుంచి డీటీపీ ప్రపంచమంతా దాని కొలతల మీద నడిచింది.

ఏరియల్‌ని 1982లో మోనోటైప్ సంస్థలో రాబిన్ నికోలస్, ప్యాట్రీషియా సాండర్స్ గీశారు. మొదట ఐబీఎం లేజర్ ప్రింటర్ల కోసం. తర్వాత 1992లో విండోస్ 3.1తో పాటు ప్రతి కంప్యూటర్‌లోకీ వచ్చేసింది. హెల్వెటికాలో కంపోజ్ చేసిన పేజీని ఏరియల్‌లో తెరిస్తే లైన్లు ఎక్కడా విరగకూడదు, అదే షరతు. కాబట్టి ఒక్కో అక్షరం వెడల్పు అదే ఉంచారు. అక్షరం సైజును 1000 భాగాలు అనుకుంటే క్యాపిటల్ ఆర్‌కి రెండింట్లోనూ 722, క్యాపిటల్ జికి 778, స్మాల్ ఏకి 556, స్మాల్ టికి 278, అంకెలన్నిటికీ 556. ఇలా అన్నీ ఒకటే అయినప్పుడు లైట్ టేబుల్ మాత్రం ఏం తేడా చూపిస్తుంది?

వెడల్పు హెల్వెటికాదే తీసుకున్నా, లోపలి గీతల తీరు మాత్రం ఏరియల్‌కి ఇంకోచోటు నుంచి వచ్చింది. మోనోటైప్ వాళ్ల దగ్గర అప్పటికే 1926 నాటి మోనోటైప్ గ్రోటెస్క్ అనే పాత అక్షరం ఉంది. ఏరియల్ దాని పోలికలు పుణికిపుచ్చుకుంది. ఇల్లు హెల్వెటికా కొలతలది, మనిషి వేరే వంశం మనిషి. తేడాలన్నీ ఆ వంశంలోంచే వస్తాయి, అవి ఎవరో అజాగ్రత్తగా గీసిన తప్పులు కావు. ఏరియల్‌ని దొంగ హెల్వెటికా అని కొట్టిపారేసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఒప్పుకోను. దాని గీతకు దాని లెక్క ఉంది, ఆ లెక్క తెలిస్తేనే దాన్ని పట్టుకోగలం.

ఆ లెక్క గీతల కొసల్లో ఉంటుంది. క్యాపిటల్ సి, ఎస్, స్మాల్ సి, ఇ, ఎస్ లాంటి వంపు అక్షరాలు తీసుకోండి. వంపు తిరిగి వచ్చిన గీత ఎక్కడో ఒకచోట ఆగాలి కదా. హెల్వెటికాలో అది కత్తితో అడ్డంగా కోసినట్టు ఆగుతుంది, కోత సరిగ్గా నేలకు సమానాంతరంగా ఉంటుంది. ఏరియల్‌లో కోత ఏటవాలుగా ఉంటుంది. స్మాల్ ఇ కింది కొస చూస్తే బాగా తెలుస్తుంది. 3, 6, 9 అంకెల కొసలు కూడా ఇంతే. స్మాల్ టి నెత్తి చూడండి: హెల్వెటికాలో చదునుగా ఉంటుంది, ఏరియల్‌లో వెదురు బొంగును ఏటవాలుగా నరికినట్టు ఉంటుంది.

దీన్ని కంటితో ఊహించకండి, కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో గైడ్‌లైన్ (సరిచూసుకునే సన్న గీత) పెట్టండి. కాగితాన్ని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) గ్రే స్కేల్‌లో స్కాన్ చేయండి. ముందు బేస్‌లైన్ సరిచేయండి, అంటే క్యాపిటల్ అక్షరాల అడుగులన్నీ ఒకే గైడ్ మీద నిలిచేదాకా స్కాన్‌ని తిప్పండి. ఈ పని చేయకపోతే అంతా వృథా, ఎందుకంటే కాగితం ఒక్క డిగ్రీ వంకరగా ఉన్నా అడ్డం కోత ఏటవాలుగా కనిపిస్తుంది. తర్వాత సి కొస దగ్గరికి అడ్డం గైడ్ లాగండి. కోత మొత్తం గైడ్ మీద పడుకుంటే హెల్వెటికా. ఒక మూల తాకి ఇంకో మూల దూరమైతే ఏరియల్.

మన డీటీపీ వాళ్లకు ఇంకో అలవాటు ఉంది. పేరు పొడుగై లైన్‌లో పట్టకపోతే పక్కల నుంచి నొక్కేస్తాం. ఇటాలిక్ లేకపోతే అక్షరాన్ని పక్కకు వంచేస్తాం. పాత లెటర్‌హెడ్‌లలో ఈ రెండూ మామూలే, యాప్‌లు ఎక్కువగా బోల్తా పడేదీ ఇక్కడే. కానీ గైడ్‌లైన్ పరీక్షకు ఇవి అడ్డు రావు. పక్కల నుంచి ఎంత నొక్కినా, పక్కకు ఎంత వంచినా అడ్డంగా ఉన్న గీత అడ్డంగానే ఉంటుంది. ఏటవాలు గీత వాలు మారుతుంది గానీ, మామూలుగా మనం చేసేంత నొక్కుడుకీ వంపుకీ అడ్డం అయిపోదు. అందుకే ఇలా నొక్కిన, వంచిన మేటర్ వచ్చినప్పుడు నేను ముందు కొసలే చూస్తాను.

కొసలు చూడలేని సందర్భం ఒకటుంది. అక్షరం 8 పాయింట్ కంటే చిన్నదై, ఇంకు కాస్త పాకితే మూలలు గుండ్రమైపోతాయి. జిరాక్స్ కాపీ అయితే మరీను. అప్పుడు కోతను నమ్మకండి. అక్షరం ఎముకలు చూడండి. ఎముకలు ఇంకుకు చెదరవు.

క్యాపిటల్ ఆర్ కాలు, మా గుమాస్తా గారు పట్టుకున్నది ఇదే. హెల్వెటికాలో పైన పొట్ట ముగిశాక కాలు కొంచెం పక్కకు జరిగి, వంపు తిరిగి, దాదాపు నిటారుగా నేలకు దిగుతుంది. మనిషి తిన్నగా నిలబడ్డట్టు ఉంటుంది. ఏరియల్‌లో కాలు తిన్నటి గీత, ఏటవాలుగా బయటికి చాచి ఉంటుంది. ఎంత చిన్న సైజులోనైనా ఇది దాగదు. క్యాపిటల్ జికి హెల్వెటికాలో కుడివైపు కింద మడమ ఉంటుంది, అంటే నిలువు గీత వంపును దాటి నేలదాకా దిగి చిన్న ముల్లులా నిలుస్తుంది. ఏరియల్ జికి ఆ మడమ లేదు, వంపు నున్నగా వచ్చి నిలువు గీతలో కలిసిపోతుంది. క్యాపిటల్ క్యూ తోక హెల్వెటికాలో తిన్నగా ఉంటుంది, ఏరియల్‌లో కొద్దిగా పాములా మెలిక తిరుగుతుంది. అయితే మన వ్యాపార పేర్లలో క్యూ ఎంత అరుదో మీకూ తెలుసు.

1 అంకె నాకు చాలా ఇష్టమైన సాక్షి. హెల్వెటికా 1కి ఎడమవైపు చిన్న చేయి అడ్డంగా బయలుదేరి, వంపు తిరుగుతూ పైకి వెళ్లి నిలువు గీతలో కలుస్తుంది. ఏరియల్‌లో ఆ చేయి నెత్తి మీద నుంచి ఏటవాలుగా కిందికి జారుతుంది. దీని విలువ ఏమిటో ఇప్పుడు చెబుతాను.

ఏ లెటర్‌హెడ్‌లోనైనా ముందు వెతకాల్సింది సాక్ష్యం చెప్పగల అక్షరాలు. అన్ని అక్షరాలూ చెప్పలేవు. గుంటూరు అని ఇంగ్లిష్ క్యాపిటల్స్‌లో రాయండి. జితో మొదలై ఆర్‌తో ముగుస్తుంది. అన్నిటికంటే బలమైన సాక్షులు రెండూ ఒకే పేరులో ఉన్నాయి. ఊరి పేరు ఒక్కటి కనిపిస్తే చాలు, తేల్చేయొచ్చు. ఇప్పుడు తెనాలి అని రాయండి: టి, ఇ, ఎన్, ఏ, ఎల్, ఐ. అన్నీ తిన్నటి గీతలే. ఒక్క వంపు లేదు, ఒక్క కొస లేదు, ఒక్క కాలు లేదు. మీరు యాప్‌కి చూపించింది ఊరి పేరున్న ఆ లైనే అయితే, అది ఒకసారి ఒకటీ ఇంకోసారి ఇంకోటీ చెప్పడంలో వింత లేదు. ఆ పేరులో తేడా అన్నదే దాదాపు లేదు, ఎంత అనుభవం ఉన్నవాడైనా అక్కడ ఊహించాల్సిందే.

అలాంటప్పుడు కింది లైన్‌కి దిగండి. తెనాలి పిన్‌కోడ్ 522201. చివర 1 ఉంది కదా, అదే మీ సాక్షి. గుంటూరు 522001కీ ఉంది. తెనాలి ఎస్‌టీడీ కోడ్ 08644లో 6 ఉంది, దాని కొస చూడండి. అడ్రసులో ఆంధ్రప్రదేశ్ అని పూర్తిగా రాసి ఉంటే రెండు ఆర్‌లు, ఒక ఎస్ దొరుకుతాయి. ట్రేడర్స్ అని ఉంటే మళ్లీ రెండు ఆర్‌లు, ఒక ఎస్. అడ్రసు లైన్ స్మాల్ అక్షరాల్లో ఉంటే ఏ, టి, ఇ ఎలాగూ ఉంటాయి. స్మాల్ ఏ గురించి ఒక జాగ్రత్త: హెల్వెటికా మామూలు బరువులో ఏకి కుడివైపు కింద చిన్న తోక ఉంటుంది, ఏరియల్‌లో అది ఉండదు. చాలామంది దీన్నే మొదటి గుర్తుగా చెబుతారు. కానీ హెల్వెటికా బోల్డ్‌లో ఆ తోక కనిపించదు. మన వాళ్లు అడ్రసులు కూడా బోల్డ్‌లోనే కొట్టించుకుంటారు. తోక లేదు కాబట్టి ఏరియల్ అని తీర్పు ఇస్తే నిర్దోషిని శిక్షించినట్టవుతుంది. తోక ఉంటే సాక్ష్యం, లేకపోతే సాక్ష్యం కాదు. అంతే గుర్తుపెట్టుకోండి.

ఒక్క అక్షరంతో ఎప్పుడూ తేల్చకండి. కనీసం రెండు వేరు వేరు రకాల సాక్షులు కలవాలి, ఉదాహరణకు ఆర్ కాలు ఒకటి, సి కొస ఒకటి. ఎందుకంటే లోకంలో ఈ రెండే ఫాంట్లు లేవు. ఆర్ కాలు ఏటవాలుగా ఉండి, జికి మడమ లేకుండా, టి నెత్తి వాలుగా ఉంటే ఏరియల్ అని గబుక్కున అంటాం. యూనివర్స్ అనే ఫాంట్‌కి కూడా ఇవన్నీ ఉంటాయి. అది కూడా 1957లోనే వచ్చింది, ఆడ్రియన్ ఫ్రూటిగర్ గీశారు. దాన్ని క్యూ పట్టిస్తుంది, తోక బేస్‌లైన్ వెంట అడ్డంగా పడుకుని ఉంటుంది. క్యూ లేకపోతే స్మాల్ వై చూడండి. యూనివర్స్‌లో వై తోక తిన్నగా దిగి ఆగిపోతుంది, హెల్వెటికా, ఏరియల్ రెండింట్లోనూ చివర వంపు తిరుగుతుంది. ఇంకోటి, యూనివర్స్‌కి హెల్వెటికా వెడల్పులు లేవు, కాబట్టి దాని విషయంలో మీ లైట్ టేబుల్ పద్ధతి పనిచేస్తుంది.

లైనక్స్ కంప్యూటర్ నుంచి వచ్చిన మేటర్ అయితే లిబరేషన్ శాన్స్ కూడా అయి ఉండొచ్చు. రెడ్ హ్యాట్ సంస్థ 2007లో ఇచ్చిన ఫాంట్ అది. ఏరియల్ వెడల్పులే, అంటే హెల్వెటికా వెడల్పులే. దాని 1 అంకెకు కింద అడ్డంగా పీట ఉంటుంది. ఏరియల్‌కీ హెల్వెటికాకీ ఆ పీట లేదు. మీ కాగితం ముప్పై ఏళ్లది కాబట్టి ఇది మీకు పట్టదు, కానీ రేపు ఇంకో పార్టీ తెచ్చే కాగితంలో తగలొచ్చు.

కాగితం వయసు కూడా ఒక సాక్షే. 1992కి ముందు మన ఊళ్లలో వేసిన కాగితంలో ఏరియల్ ఉండే అవకాశం దాదాపు లేదు, అప్పటికింకా విండోస్‌తో అది రాలేదు. కాగితం వెనక వేలు పెట్టి తడమండి. అక్షరాలు ఉబ్బెత్తుగా తగిలితే అది ట్రెడిల్ (కాలితో తొక్కే పాత అచ్చు మిషన్) మీద సీసం అక్షరాలతో వేసింది. అప్పుడు ఏరియల్ మాటే లేదు, వేరే దారిలో వెతకాలి. నున్నగా ఉంటే ఆఫ్‌సెట్. కాగితం మీద పాత ఫోన్ నంబర్‌లో ఎన్ని అంకెలున్నాయి, ఈమెయిల్ ఉందా లేదా, ఇవి కూడా కాలాన్ని పట్టిస్తాయి.

ఫాంట్ వయసు ఎంత పెద్ద విషయాన్నైనా తేల్చగలదు అనడానికి 2017లో పాకిస్తాన్‌లో జరిగింది చూడండి. అప్పటి ప్రధాని కుటుంబ ఆస్తుల కేసులో 2006 ఫిబ్రవరి తేదీ ఉన్న ఒక పత్రం దర్యాప్తు బృందం ముందుకు వచ్చింది. అందులో అక్షరాలు కాలిబ్రీ అనే ఫాంట్‌వి. కాలిబ్రీ మామూలు జనానికి అందింది 2007 జనవరి 30న, విండోస్ విస్టాతో, ఆఫీస్ 2007తో. తేదీకీ అక్షరానికీ పొసగడం లేదని నిపుణుడు చెప్పాడు, అది దేశమంతటా పెద్ద చర్చ అయింది. కాలిబ్రీని పోల్చడం అంత కష్టం కాదు, గీతల మూలలు మెత్తగా గుండ్రంగా ఉంటాయి. దానికీ అదే వెడల్పులతో కార్లిటో అనే జోడీ ఉంది. లాటో అనే ఫాంట్‌ని సవరించి చేశారు. ఏరియల్ కథే మళ్లీ. ఎక్కడైనా "అదే వెడల్పు" అన్న మాట వినపడితే లైట్ టేబుల్ పక్కన పెట్టి కొసలు చూడటం మొదలుపెట్టండి.

పార్టీ కాగితం కాకుండా ఫైలు ఇచ్చినప్పుడు ఇంకో మోసం జరుగుతుంది. స్క్రీన్ మీద కనిపించేది, ఫైలు అడుగుతున్నది ఒకటే కానక్కర్లేదు. విండోస్‌లో ఏదైనా ఫైలు హెల్వెటికా కావాలని అడిగితే, ఆ ఫాంట్ లేకపోతే విండోస్ దాని బదులు ఏరియల్ చూపిస్తుంది. ఆ మార్పిడి విండోస్ లోపలే రాసి పెట్టి ఉంది. వెడల్పులు ఒకటే కాబట్టి లైన్లు కదలవు, మీకు అనుమానం కూడా రాదు. పీడీఎఫ్ అయితే అక్రోబాట్‌లో డాక్యుమెంట్ ప్రాపర్టీస్ తెరిచి ఫాంట్స్ ట్యాబ్ చూడండి. ఫాంట్ పేరు పక్కన ఎంబెడెడ్ అని ఉంటే ఆ అక్షరాలు ఫైల్లోనే ఉన్నట్టు. అలా లేకుండా హెల్వెటికా కింద "యాక్చువల్ ఫాంట్" అని ఏరియల్ పేరు ఉంటే, మీరు చూస్తున్నది బదులు అక్షరం. ఇలాంటి ఫైలు స్క్రీన్‌షాట్ తీసి ఆర్ కాలు చూసి "ఇది ఏరియల్" అని పార్టీకి చెబితే తప్పు చెప్పినట్టే. అసలు ఫైలు రాసినవాడు హెల్వెటికానే అడిగాడు.

తెలుగు అక్షరాల సంగతి మీరు అడగలేదు గానీ లెటర్‌హెడ్‌లో తెలుగు పేరు కూడా ఉందన్నారు కాబట్టి చెబుతున్నాను. పద్ధతి అదే, సాక్షులు వేరు. మన అక్షరాల్లో తిన్నటి గీతలు తక్కువ, కాబట్టి "తెనాలి" ఇబ్బంది మనకు రాదు. తెలుగులో రాస్తే తెనాలి కూడా బోలెడు చెబుతుంది. తలకట్టు చూడండి: ఎంత పొడుగు, ఎంత వాలు, కొస సన్నబడుతుందా, మొద్దుగా ఆగుతుందా. ప, స లాంటి వాటిలో తలకట్టు ఒంటికి అంటకుండా విడిగా నిలుస్తుంది. ఆ సందు ఎంతో చూడండి. గీత మందం అంతటా ఒకేలా ఉందా, వంపులో లావై మలుపులో సన్నబడుతోందా చూడండి. పోతన, వేమన అనే రెండు యూనికోడ్ ఫాంట్లు చాలామంది కంప్యూటర్లలో పక్కపక్కనే ఉంటాయి. పోతనలో మందం మారుతుంది, వేమనలో దాదాపు ఒకే మందం. ఈ ఒక్కటి చాలు వాటిని విడదీయడానికి.

తెలుగులో అన్నిటికంటే ఎక్కువ కబుర్లు చెప్పేది శ్రీ. గుడి దీర్ఘం చుట్టు ఎంత గుండ్రం, కొస లోపలికి తిరిగిందా, కింద క్రావడి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, ఇవన్నీ ఒక్క అక్షరంలో దొరుకుతాయి. అదృష్టం ఏమిటంటే మన వ్యాపార పేర్లు ఎక్కువ శాతం శ్రీతోనే మొదలవుతాయి. శ్రీ లేకపోతే క్ష, లేదా రెండు వత్తులు కలిసిన అక్షరం ఏదైనా వెతకండి. వత్తును ఎంత చిన్నది చేశారు, ఎంత కిందికి దించారు అన్నది ఫాంట్ గీసినవాళ్ల చేతి తీరు. దాన్ని ఇంకొకరు సరిగ్గా అలాగే చేయడం అరుదు.

రెండు జాగ్రత్తలు. తెలుగు ఫాంట్‌లోని ఇంగ్లిష్ అక్షరాలను చూసి తెలుగు ఫాంట్ పేరు చెప్పకండి, అవి వేరే ఫాంట్ నుంచి తెచ్చి పెట్టినవి కావచ్చు. రెండోది, వర్డ్‌లో ఫాంట్ పెట్టెలో ఏరియల్ అని ఉండి కింద తెలుగు కనిపిస్తోందంటే ఆ తెలుగు ఏరియల్‌ది కాదు. మామూలు ఏరియల్‌లో తెలుగు అక్షరాలే లేవు. విండోస్ తన దగ్గరున్న గౌతమి ఫాంటునో, నిర్మలా ఫాంటునో తెచ్చి చూపిస్తుంది. పార్టీ మీతో "మా దగ్గర తెలుగు ఏరియల్ ఉంది" అంటే వాదించకండి, ఆ ఫైలు తెప్పించుకుని మీరే చూడండి.

ఇక మీ పని. రేపు పొద్దున స్కాన్ చేసి, బేస్‌లైన్ సరిచేసి, ముందు పిన్‌కోడ్ చివరి 1 చూడండి, తర్వాత ఎక్కడ ఆర్ ఉంటే అక్కడ కాలు చూడండి, ఆ తర్వాత ఒక కొసకు గైడ్ పెట్టండి. మూడూ ఒకే మాట చెబితే అయిపోయినట్టే. కాగితం వయసును బట్టి నా అంచనా హెల్వెటికా వైపే ఉంది, కానీ అంచనా మీద అచ్చు వేయొద్దు.

హెల్వెటికా అని తేలితే వెంటనే కొనాలేమోనని కంగారు పడకండి. కోరల్‌డ్రాతో పాటు వచ్చిన ఫాంట్లలో స్విస్ 721 బీటీ ఉందేమో చూడండి. అది బిట్‌స్ట్రీమ్ సంస్థ పేరు మార్చి ఇచ్చిన హెల్వెటికానే. అమెరికా చట్టంలో అక్షరం ఆకారానికి కాపీరైట్ లేదు, పేరు మాత్రం ట్రేడ్‌మార్క్. అందుకే ఒకే రూపం రెండు మూడు పేర్లతో తిరుగుతూ ఉంటుంది. పైగా తొంభైలలో మన దగ్గర కోరల్ మీద చేసిన పనుల్లో చాలావాటిలో అసలు వాడింది హెల్వెటికా కాదు, ఇలాంటి మారుపేరు అక్షరమే. మీ కాగితం కూడా అలాంటిదే అయితే స్విస్ 721 పెట్టగానే పాతదాని మీద పాతదే వేసినట్టు కూర్చుంటుంది, ఈసారి వెడల్పే కాదు, కొసలతో సహా. పక్కల నుంచి నొక్కారేమో కూడా చూసుకోండి. క్యాపిటల్ ఓ ఎత్తు, వెడల్పు కొలిచి మీరు టైప్ చేసిన ఓతో పోలిస్తే ఎంత శాతం నొక్కారో లెక్క వస్తుంది.

ప్లేట్‌కి పంపేముందు మేటర్ మొత్తం సెలెక్ట్ చేసి కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్‌లోకి, అంటే ఫాంట్ అవసరం లేని గీతల్లోకి మార్చండి. లేకపోతే ఇంత కష్టపడి కనిపెట్టిన హెల్వెటికా, ప్లేట్ తీసేవాళ్ల కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేక, ఎవరికీ తెలియకుండా ఏరియల్ అయిపోతుంది. లైన్లు కదలవు కాబట్టి అక్కడ ఎవరూ గమనించరు. ప్రూఫ్ చేతికి రాగానే ఆర్ కాలు ఒకసారి చూసి, పార్టీ చేత పాత కాగితం పక్కన పెట్టించి సంతకం తీసుకుని, అప్పుడు మిషన్ ఎక్కించండి.